ఈ ఏడు వంతు మూడు-బీది

మా బిల్డింగుకు ఈ ఏడు నేనే ప్రెసిడెంట్‌ని. ఈ మాట ముందే చెప్పేస్తే మళ్ళీ ఎవరూ మా ఆయన వైపు తిరిగి అడగరు.

ఊరు జరగోజా, దేశం స్పెయిన్. ఐదంతస్తుల పాత బిల్డింగు, అంతస్తుకు మూడు చొప్పున పదిహేను ఇళ్ళు, ముగ్గురు ఎక్కితే ఊపిరి బిగబట్టాల్సిన లిఫ్టు. మా ఆయన గాలిమరల కంపెనీలో ఇంజనీరు. ఆయనది చిల్పూరు దగ్గర, నాది కేసముద్రం పక్క పల్లె. ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది, మూడో అంతస్తులో ఈ ఇల్లు కొనుక్కుని మూడేళ్ళు. దాని నంబరు మూడు-బీ. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. అయినా అందరికీ అది మా ఆయన ఇల్లే, నేను అందులో ఉండే మనిషిని. ఈ సంగతి తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది.

కొత్తలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది రొట్టెల దుకాణం. అక్కడ లైను ఉండదు. ఒకావిడ గోడకు ఆనుకుని ఉంటుంది, ఒకాయన గుమ్మంలో కుక్కతో నిలబడి ఉంటాడు, ఇద్దరు కబుర్లాడుకుంటుంటారు. ఎవరు ముందో ఎవరు వెనకో నాకు అంతుపట్టేది కాదు. మొదటి రోజు నేరుగా గల్లా దగ్గరికి పోయి నిలబడ్డాను. ఒకావిడ నా మీద అరిచింది. సరే అని రెండో రోజు వెనక్కి తగ్గి నిలబడితే వచ్చినవాళ్ళందరూ నన్ను దాటుకుని పోయారు. నెల రోజులు ఇదే వరస. చల్లారిపోయిన రొట్టె పట్టుకుని తిట్టుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

కనిపెట్టగా కనిపెట్టగా తెలిసింది. దుకాణంలో అడుగు పెట్టగానే గట్టిగా "చివర ఎవరు?" అని అడగాలి. ఎవరో ఒకరు వేలెత్తుతారు. ఇక ఆ మనిషి తర్వాత మనం. మన తర్వాత వచ్చినవాళ్ళు అడిగితే మనం వేలెత్తాలి. అంతే, ఇక ఎక్కడ నిలబడినా ఫరవాలేదు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ముసలాయన ఒకడు వేలెత్తాడు. ఆ తర్వాత ఒక పడుచుపిల్ల ఫోను చూసుకుంటూ నన్ను దాటుకుని ముందుకు పోబోతే, దుకాణమంతా ఒక్కసారిగా "ఆమె వంతు!" అంది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చినంత పనైంది. ఈ దేశంలో వంతు అంటే వంతే, మనిషి రంగు చూడరు, మాట చూడరు అనుకున్నాను. పొరపాటు పడ్డాను, కానీ ఆ రోజుకు కడుపు నిండింది.

మాట సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్ళకు భాష నేర్పే బడి ఒకటి ఉంటే వారానికి మూడు రోజులు పోయాను. తప్పులు మాట్లాడతాను, ఇప్పటికీ మాట్లాడతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. హైదరాబాదు హాస్టల్లో నా "గిట్ల", "గట్ల" విని పొట్ట పట్టుకుని నవ్విన కోస్తా అమ్మాయిల మధ్య నాలుగేళ్ళు చదువుకున్నదాన్ని. నవ్వే నోళ్ళు నాకేం కొత్త? దవాఖానలో మాత్రం కడుపు రగిలేది. నా నడుం నొప్పి గురించి డాక్టరు నా తల మీదుగా మా ఆయన్ని అడిగేది: "ఆమెకు ఎక్కడ నొప్పి?" ఆయన నన్ను తెలుగులో అడిగేవాడు. నేను స్పానిష్‌లో నేరుగా ఆమెకే చెప్పేదాన్ని. ఆమె మళ్ళీ ఆయన్నే అడిగేది. మూడోసారికి ఆయన్ని బయట కూర్చోమన్నాను.

ఇక బిల్డింగు కథ. ఇక్కడ ప్రతి బిల్డింగుకూ ఇంటి సొంతదారుల సంఘం ఉంటుంది. కాగితాలు, రిపేర్లు, ఉత్తరాలు చూడటానికి బయటి ఆఫీసు నుంచి ఒక మేనేజరును పెట్టుకుంటారు. అతని మీద ప్రెసిడెంట్ ఒకరు. ఆ పదవి ఇంటింటికీ వంతుగా తిరుగుతుంది, ఏడాదికి ఒక ఇల్లు. మీటింగు కింద మెట్ల దగ్గరి హాల్లో. నోటీసులో రెండు టైములు రాస్తారు, మొదటి పిలుపు ఏడింటికి, రెండో పిలుపు ఏడున్నరకు. మొదటి ఏడాది నేను ఏడింటికే కొత్త చీర కట్టుకుని దిగాను. పిట్ట కూడా లేదు. పావుగంట నిలబడి, మీటింగు లేదేమో అనుకుని పైకి వచ్చి వంట మొదలుపెట్టాను. మర్నాడు తెలిసింది, ఎవరైనా రెండో పిలుపుకే వస్తారట, మొదటిది కాగితం కోసమట. నేను కూరలో పోపు పెడుతుండగా కింద మీటింగు అయిపోయింది.

ఈ ఏడు ఆ తప్పు చేయలేదు. ఏడున్నరకు ఇద్దరం దిగాం. మడత కుర్చీలు వేసి ఉన్నాయి. లిఫ్టు తరచూ ఆగిపోతున్న గొడవ అయ్యాక మేనేజరు ఫైలు తెరిచి, "ప్రెసిడెంట్ వంతు ఈ ఏడు మూడు-బీది" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. తర్వాత, నన్ను ఒక కుర్చీని దాటినట్టు దాటి, మా ఆయన వైపు చూశారు.

"మీరే తీసుకుంటారు కదా? మేడమ్‌కు భాష కష్టం" అన్నాడు మేనేజరు ఆయనతో.

రెండో అంతస్తు పెద్దావిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది. బిల్డింగులో ఆవిడ మాటే మాట. ఆవిడ అన్నది స్పానిషే, కానీ నా చెవికి మా ఊరి వాడకట్టు ముసలమ్మ మాట్లాడినట్టే వినిపించింది, అట్లాగే రాస్తాను. "పాపం, నిన్నెందుకు పరేషాన్ చేసుడు? మీ ఆయన జూస్కుంటడు తియ్యి బిడ్డా. నువ్వు మంచిగ ఇంట్ల కూసో."

మా ఆయన అప్పటికే తల ఊపుతున్నాడు. "సరే, నేను చూస్తాను" అన్నాడు. ఒక్క క్షణమైనా నా మొహం చూడలేదు.

నా ఒళ్ళు ఎందుకు మండిందో చెప్పాలంటే మా అవ్వ గురించి చెప్పాలి. మా వైపు అమ్మను అవ్వ అంటాం. నేను బడికి పోయే రోజుల్లో మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయింది. నాయిన అవ్వను నిలబెట్టాడు, అవ్వ గెలిచింది. గెలిచిన రోజు దండలన్నీ నాయిన మెడలోనే పడ్డాయి. పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద నాయినే కూర్చునేవాడు. జనం నాయిన్ని "సర్పంచ్ సాబ్" అనేవాళ్ళు, అవ్వను "సర్పంచ్ సాబ్ పెండ్లాం" అనేవాళ్ళు. జెండా పండగ రోజు తాడు నాయిన లాగితే అవ్వ పక్కన నిలబడి పూలు చల్లింది. రిజిస్టరు ఇంటికి వచ్చేది. అవ్వ మిరపకాయలు ఆరబోస్తూనో పిండి కలుపుతూనో ఉండేది, కొంగుకు చెయ్యి తుడుచుకుని చూపించిన చోట సంతకం పెట్టేది. చదువు రాక కాదు. ఏడో తరగతి దాకా చదివింది, రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది. ఒకసారి మాత్రం "గిదేం కాయిదం?" అని అడిగింది. "నీకెందుకే గవన్ని" అని నాయిన నవ్వాడు. పంచాయతీ కార్యదర్శి కూడా నవ్వాడు. అవ్వ మళ్ళీ అడగలేదు.

ఆ కాగితాల్లోనే ఒక తీర్మానం కూడా అవ్వ సంతకంతో వెళ్ళింది. ఊరి చివరి వాడకు రావాల్సిన బోరు మా చిన్నాయన పశువుల కొట్టం పక్కకు మారింది. ఎండాకాలం ఆ వాడ ఆడవాళ్ళు బిందెలతో మా వాకిట్లోకి వచ్చారు. ఒకామె కాగితం జిరాక్సు చూపించి, "గిది నీ సంతకమే గదా సర్పంచమ్మా?" అంది. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని అప్పుడు చదివింది. నిలబడి, మొత్తం చదివింది. వాళ్ళు కొట్లాడి ఉంటే బాగుండేది. ఖాళీ బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆ వేసవంతా అవ్వ వాకిట్లోకి వచ్చి కూర్చోలేదు. నేను అన్నీ చూశాను.

అందుకే ఆ మెట్ల దగ్గర, మడత కుర్చీలో, పదిహేను ఇళ్ళ మనుషుల ముందు నేను లేచి నిలబడ్డాను.

"వంతు ఆయనది కాదు, మూడు-బీది. మూడు-బీలో నేనూ ఉన్నా. కాగితంలో నా పేరు కూడా ఉంది. ఈ ఏడు నేను."

మేనేజరు నవ్వు మొహంతోనే అన్నాడు: "లిఫ్టు కంపెనీకి ఉత్తరాలు రాయాలి, మేడమ్."

"రాస్తా."

"ఫోన్లో మాట్లాడాలి."

"మాట్లాడతా. తప్పులు మాట్లాడతా. వాళ్ళు వింటారు."

మా ఆయన తెలుగులో గొణిగాడు. "ఊకోయే, అందరు జూస్తున్నరు."

"జూడనీ. జూడాల్ననే లేచిన" అన్నాను తెలుగులోనే, గట్టిగా. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరికీ అర్థమైంది. నాలుగో అంతస్తు ఆయన ఎవరో చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. కుర్చీలు మడిచారు.

మర్నాడు లడ్డూలు చుట్టాను. పదవి వచ్చినప్పుడు నోరు తీపి చేయకపోతే ఎట్లా? పళ్ళెం పట్టుకుని పద్నాలుగు తలుపులు తట్టాను. ఒకరు "పుట్టినరోజా?" అన్నారు. ఒకరు "మీ పండగా?" అన్నారు. "కాదు, ప్రెసిడెంట్ అయ్యాను కదా, అందుకు" అంటే మొహమొహాలు చూసుకున్నారు. రెండో అంతస్తు పెద్దావిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "దీనికి మిఠాయి పంచుతరా ఎవలన్నా? నా వంతు వచ్చిన ఏడు నేను రోగమని అబద్ధం జెప్పి పండుకున్న!"

అప్పుడు తెలిసింది. ఇక్కడ ఆ పదవి ఎవరికీ అక్కర్లేదు. జీతం లేదు, కారు లేదు, దండ లేదు. పైకప్పు కారితే తిట్లు, లిఫ్టు ఆగితే తిట్లు. అందరూ సాకులు చెప్పి తప్పించుకుంటారు. వాళ్ళు నా నెత్తి మీది బరువు దించుతున్నాం అనుకుంటే, నేను కుర్చీ లాక్కుంటున్నారని కొట్లాడాను. మా ఆయన సోఫాలో పడి పడి నవ్వాడు. "అందరు ఉరికి పారిపోతుంటే నువ్వు కొట్లాడి తెచ్చుకుంటివి గదనే!"

"ఎవ్వలకు వద్దైతేంది, నాకు గావాలె" అన్నాను. అన్నాక నాకే నిజమనిపించింది. చెడ్డదైనా మంచిదైనా నా వంతు నాకు రావాలి. వద్దనుకుంటే వద్దనే మాట కూడా నేనే చెప్పాలి. నా తరఫున ఆయన తల ఊపడం ఏమిటి?

వారం తర్వాత మీటింగు మినిట్స్ వచ్చాయి, నాలుగు పేజీలు. మా ఆయన కింద మేనేజరు దగ్గర తీసుకుని పైకి వస్తుంటే, నేను కూరగాయల సంచితో మెట్ల మీద ఎదురయ్యాను. "నేను జూసిన, మంచిగనే ఉన్నది. సంతకం పెట్టు, మేనేజరు కింద నిలవడ్డడు" అన్నాడు. గోడకు ఆనించి కాపీలన్నిటికీ చివరి పేజీలో సంతకం పెట్టాను. ఎంత గర్వంగా పెట్టాననుకున్నారు! పేరు మొత్తం, ఇంటి పేరుతో సహా. ఆయన ఒక కాపీ ఉంచుకుని మిగతావి తీసుకుపోయి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున వంటింట్లోంచే అవ్వకు ఫోన్ చేశాను. మా దగ్గర పొద్దున, వాళ్ళకు మధ్యాహ్నం. "అవ్వా, నేను గూడ సర్పంచ్‌నైన" అన్నాను. బిల్డింగు సంగతి, వంతు సంగతి, మీటింగులో నేను అన్న మాటలు, లడ్డూల సంగతి అంతా చెప్పాను. అవ్వ లడ్డూల దగ్గర నవ్వింది. పక్కనుంచి నాయిన "ఏమంటాంది? ఫోన్ గిటియ్యి" అంటున్నాడు. "నువ్వు జర ఊకో, నాతోటి మాట్లాడుతాంది" అంది అవ్వ. ఫోను ఇవ్వలేదు.

తర్వాత అడిగింది. "సంతకం పెట్టినవా?"

"పెట్టిన."

"సదివి పెట్టినవా?"

నేను పొయ్యి మీది కూర కలపడం మొదలుపెట్టాను. అవ్వకు తెలిసిపోయింది. తర్వాత మెల్లగా అంది. "బిడ్డా, మీ నాయిన నన్ను సదవనియ్యలే అని నువ్వు అందరికి జెప్తవు. నేను విన్న. అట్ల కాదు. ఒక్కసారి నవ్విండ్రని నేను మళ్ళ అడగలే. గది నా తప్పు. నువ్వు పొయ్యి సదువుపో."

కూర పొయ్యి మీద నుంచి దించి కాపీ ముందేసుకుని కూర్చున్నాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం. మొదటి పేజీ లిఫ్టు గురించి. రెండో పేజీ మధ్యలో ఉంది: వంతు ప్రకారం మూడు-బీ సొంతదారు ప్రెసిడెంట్ పదవి స్వీకరించారు. ఆ కింద పేరు. మా ఆయన పేరు.

మళ్ళీ చదివాను. ఆయన పేరే. నేను లేచిన మాట లేదు, మాట్లాడిన మాట లేదు. నాలుగో పేజీలో వీటన్నిటి కింద నా సంతకం, పెద్ద పెద్ద అక్షరాలతో. ఏడో తరగతి చదివిన అవ్వను తలుచుకుని పదిమందిలో కొట్లాడి, డిగ్రీ చదివిన నేను కూరగాయల సంచి చంకన పెట్టుకుని, గోడకు ఆనించి, ఆమె చేసిన పనే చేశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తర్వాత కోపం వచ్చింది. ముందు నా మీద, ఆ తర్వాత మిగతావాళ్ళ మీద.

మా ఆయన ఆఫీసు నుంచి రాగానే కాగితం ముందు పెట్టాను. "జూసిన అన్నవ్ గద. ఏం జూసినవ్?"

ఆయన చదివి నాలుక కరుచుకున్నాడు. "నిజంగ పైపైననే జూసిన. వాళ్ళు అలవాటుగ రాసిండ్రు కావొచ్చు. ఏదైతేంది తియ్యి, నువ్వైనా నేనైనా ఒక్కటే గద."

"ఒక్కటే అయితే నా పేరే ఉండనీ."

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. "రేపు సెలవు పెట్టి నేను వస్త, మాట్లాడుత" అన్నాడు. "నువ్వు రావొద్దు" అన్నాను.

మర్నాడు ఒంటి గంట దాటాక మేనేజరు ఆఫీసుకు పోయాను. రెండింటికి షట్టర్ దించి ఐదింటి దాకా తెరవరు, భోజనాల వేళ. నన్ను చూడగానే మేనేజరు నా వెనక గుమ్మం వైపు చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. రెండో పేజీ తీసి బల్ల మీద పెట్టి, పేరు మీద వేలు ఉంచాను.

"ఇది తప్పు" అన్నాను.

చదివాడు. "అయ్యో. మా ఆఫీసు అమ్మాయి టైపు చేసేటప్పుడు పొరపాటు జరిగింది. ఫరవాలేదు మేడమ్, ప్రెసిడెంట్ మీరేనని అందరికీ తెలుసు కదా. వచ్చే ఏడాది మీటింగులో సరిచేద్దాం."

"వచ్చే ఏడాది నా వంతు కాదు. ఇప్పుడు సరిచేయండి."

"ఇప్పుడు టైము..."

"నేను కూర్చుంటాను" అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఇంత గట్టిగా ఉంటానని అనుకోలేదు. అక్కడ కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. అతను గడియారం చూశాడు, నన్ను చూశాడు, చివరికి కంప్యూటర్ ముందుకు జరిగాడు. పేరు మార్చాడు. నేను లేచి మాట్లాడిన సంగతి కూడా రాయమన్నాను. "అది అవసరమా?" అన్నాడు. "జరిగింది కదా" అన్నాను. రాశాడు.

ప్రింటు తీసి, చివరి పేజీ పైకి తిప్పి, పెన్ను మూత తీసి నాకు అందించాడు. "ఇక్కడ, మేడమ్."

నేను కాగితాలు తీసుకుని మొదటి పేజీ పైకి తిప్పాను. అక్షరాల కింద వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాను. లిఫ్టు, తలుపు గొళ్ళెం, మెట్ల మీది దీపాలు. కొన్ని మాటలు నోరు తిరగలేదు, మళ్ళీ మొదటి నుంచి అన్నాను. మేనేజరు లేచి షట్టర్ సగం దించి వచ్చాడు. గదిలో సగం చీకటి. దీపం వేయమన్నాను. వేశాడు. రెండో పేజీలో నా పేరు వచ్చిన వాక్యం రెండుసార్లు చదివాను, రెండోసారి అవసరం లేకపోయినా. మూడో పేజీలో ఒక మాట అర్థం కాలేదు. "దీనికి అర్థం ఏమిటి?" అని అడిగాను. అతను నవ్వలేదు. చెప్పాడు.

మూడో పేజీ అయింది. గడియారం రెండుంబావు దాటింది. అతను పెన్ను మళ్ళీ నా వైపు జరిపాడు.

"ఆగండి," అన్నాను. "ఇంకో పేజీ ఉంది."